పాత లాప్‌టాప్‌లో లినక్స్ వేశాక తెర నల్లబడితే: గ్రాఫిక్స్ డ్రైవర్ చిక్కులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 ఏమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లను తీసుకోదు. హన్మకొండ, కాజీపేట హాస్టల్ గదుల్లో, కరీంనగర్, జగిత్యాల ట్యూషన్ సెంటర్లలో మనకు రోజూ కనిపించేవి సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి తెచ్చిన పాత ఆఫీసు లాప్‌టాప్‌లే: థింక్‌ప్యాడ్ టీ420, టీ430, డెల్ లాటిట్యూడ్ ఈ6420, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 8460పీ. కీబోర్డ్ గట్టిది, ర్యామ్ పెంచుకోవచ్చు, ఎస్ఎస్‌డీ వేస్తే చకచకా లేస్తాయి. వీటిని తుక్కులో వేయడం అన్యాయం. లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. చాలామంది దారిలోనే వదిలేయడానికి కారణం ఒక్కటే. ఇన్‌స్టాల్ అయిపోయి రీస్టార్ట్ చేయగానే తెర నల్లగా ఉండిపోతుంది, లేదా ఉత్త మౌస్ బాణం కదిలినా మెషీన్ ఆయాసపడుతుంది.

అప్పుడు అందరూ చేసేది గూగుల్‌లో "డ్రైవర్ డౌన్‌లోడ్" అని వెతకడం. అది విండోస్ అలవాటు, ఇక్కడ చెరుపే చేస్తుంది. లినక్స్‌లో పాత చిప్‌ల డ్రైవర్లు కెర్నెల్ అనే దాని మూలభాగంలోనే, బొమ్మలు గీసే మెసా అనే లైబ్రరీలోనే ఉంటాయి. బయటి నుంచి తెచ్చి వేయాల్సిన అవసరం నూటికి తొంభై సార్లు ఉండదు. ముందు ఏ చిప్ ఉందో, దాన్ని ఇప్పుడు ఏ డ్రైవర్ నడుపుతోందో చూడాలి. అది తెలియకుండా ఒక్క ప్యాకేజీ కూడా వేయొద్దు.

ఈ పోస్టులో కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే ఉన్నాయి. టెర్మినల్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. ఇక్కడ చెప్పిన కమాండ్లు, ఆప్షన్లు దాదాపు అన్నీ చిన్నబడి అక్షరాలే. పెద్దబడి వచ్చిన చోట చెబుతాను.

తెర ఎక్కడ ఆగింది?

నల్ల తెరలన్నీ ఒకటి కావు. పవర్ బటన్ నొక్కిన దగ్గర నుంచి ఏ మెట్టు మీద బొమ్మ పోయిందో గమనిస్తే సగం రోగం తెలిసినట్టే.

కంపెనీ లోగో వచ్చేటప్పుడే నిలువు చారలు, రంగురంగుల చుక్కలు ఉంటే అది డ్రైవర్ సంగతి కాదు. అప్పటికి లినక్స్ ఇంకా మొదలే కాలేదు. చిప్ గానీ, తెర కేబుల్ గానీ, ర్యామ్ గానీ పాడై ఉంటుంది. బయోస్ మెనూలోకి వెళ్లి ఐదు నిమిషాలు అలాగే ఉంచి చూడండి. అక్కడ చారలు కనిపిస్తే ఏ లినక్స్ వేసినా పోవు.

గ్రబ్ మెనూ (ఏది బూట్ చేయాలో అడిగే మొదటి జాబితా) బాగానే కనిపించి, ఆ తర్వాత నల్లబడితే కెర్నెల్ గ్రాఫిక్స్ చిప్‌ను తన చేతిలోకి తీసుకునే చోట తేడా వచ్చింది. దీన్ని కెర్నెల్ మోడ్ సెట్టింగ్ అంటారు. ఎక్కువ కేసులు ఇక్కడివే.

లాగిన్ తెర వచ్చి, పాస్‌వర్డ్ కొట్టగానే ఒక్క క్షణం నల్లబడి మళ్లీ లాగిన్‌కే వస్తే డ్రైవర్‌ను అనుమానించే ముందు రెండు చూడండి. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే అక్షరాల తెర వస్తుంది. అక్కడ లాగిన్ అయి "డీఎఫ్ -హెచ్" కొట్టండి. డిస్క్ నూటికి నూరు నిండితే డెస్క్‌టాప్ లేవదు. తర్వాత మీ హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ఎక్స్అథారిటీ ఫైల్ ఎవరి పేరు మీద ఉందో చూడండి (ఆ పేరులో ఎక్స్ పెద్దబడి). రూట్ (మెషీన్ మొత్తం మీద అధికారం ఉన్న ఖాతా) పేరు మీద ఉంటే ఎవరో సుడోతో, అంటే ఆ హక్కులతో, గ్రాఫిక్స్ తెర లేపారన్నమాట. ఆ ఫైల్ తీసేస్తే చాలు, కొత్తది అదే పుడుతుంది. ఈ రెండింటికీ డ్రైవర్‌తో సంబంధం లేకపోయినా, డ్రైవర్ పేరు చెప్పి మొత్తం ఓఎస్ మళ్లీ వేసేవాళ్లు మస్తుమంది.

నల్ల తెర మీద ఇంకో పరీక్ష ఉంది, దీనికి టెర్మినల్ కూడా అక్కర్లేదు. గదిలో లైటు ఆర్పి, మొబైల్ టార్చ్‌ను తెరకు ఆనించి ఏటవాలుగా కొట్టండి. వెలుగు పడిన చోట కిటికీల అంచులో, అక్షరాలో మసకగా కనిపిస్తే బొమ్మ వస్తోంది, వెనక వెలుగు మాత్రమే లేదు. అది బ్యాక్‌లైట్ సమస్య. కింద ఇంటెల్ దగ్గర చెప్పిన ఆప్షన్లతో చాలాసార్లు తీరుతుంది. టార్చ్ వెలుగులో కూడా ఏమీ లేకపోతే వీజీఏ కేబుల్‌తో బయటి మానిటర్ కలిపి చూడండి. అక్కడ బొమ్మ వస్తే డ్రైవర్ పనిచేస్తున్నట్టే, తెరనో కేబుల్‌నో చూడాలి.

నోమోడ్‌సెట్: లోపలికి పోవడానికే

లాప్‌టాప్ ఆన్ చేయగానే పాత బయోస్ మెషీన్లలో షిఫ్ట్ పట్టుకుని ఉంచాలి, కొత్త యూఈఎఫ్ఐ మెషీన్లలో ఎస్కేప్‌ను ఒకసారి నొక్కాలి. ఎస్కేప్ ఎక్కువసార్లు నొక్కితే గ్రబ్ అని అక్షరాల గుర్తు వచ్చి ఆగిపోతుంది. గాబరా వద్దు, "నార్మల్" అని కొట్టి ఎంటర్ నొక్కండి. మెనూలో మొదటి వరస మీద ఉండి ఇంగ్లిష్ అక్షరం "ఈ" నొక్కితే బూట్ వరసలు తెరుచుకుంటాయి. "లినక్స్" అనే మాటతో మొదలయ్యే పొడుగు వరస చివర "క్వైట్ స్ప్లాష్" అని ఉంటుంది. ఆ రెండు మాటలూ తీసేసి "నోమోడ్‌సెట్" అని రాయండి. మధ్యలో ఖాళీ ఉండకూడదు. ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. క్వైట్, స్ప్లాష్ తీసేయడం వల్ల ఏ వరస దగ్గర ఆగిందో కూడా కళ్లకు కనిపిస్తుంది.

ఇలా రాసినది ఆ ఒక్క బూట్‌కే. నోమోడ్‌సెట్ చేతికర్ర లాంటిది, లేచి నాలుగడుగులు వేయడానికి పనికొస్తుంది గానీ దానితోనే బతుకంతా నడవకూడదు. అది ఉన్నంతసేపు అసలు గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయదు. ప్రాసెసరే బొమ్మలన్నీ గీస్తుంది. తెర 1024×768 దగ్గర ఆగిపోతుంది, వెలుగు తగ్గించే మీటలు పనిచేయవు, మూత మూసి తెరిస్తే మెషీన్ లేవదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నోమోడ్‌సెట్‌తో ఎక్కిస్తే కొన్ని లినక్స్‌లు దాన్ని శాశ్వతంగా రాసిపెడతాయి. మీది అలాగే ఉందేమో చూడాలంటే "క్యాట్" కమాండ్‌తో ప్రోక్ ఫోల్డర్‌లోని సీఎమ్‌డీలైన్ ఫైల్ చదవండి. అందులో ఆ మాట ఉంటే ఈటీసీలో డీఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్ తెరిచి తీసేసి, "సుడో అప్‌డేట్-గ్రబ్" కొట్టండి. మెషీన్ స్లో అని తెచ్చే లాప్‌టాప్‌లలో ఇది తరచూ కనిపించే కారణం.

చిప్ పేరు రాబట్టడం

లోపలికి వెళ్లాక టెర్మినల్‌లో "ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే" కొట్టండి. పొడుగు జాబితా వస్తుంది. అందులో వీజీఏ అని గానీ, 3డీ కంట్రోలర్ అని గానీ ఉన్న చోట ఆగండి. ఎన్విడియా ఉన్న టీ420 ఒకటి తీసుకుంటే 00:02.0 దగ్గర ఇంటెల్ పేరు, చివర బ్రాకెట్‌లో 8086:0126 ఉంటుంది. 8086 అంటే ఇంటెల్, 0126 అంటే రెండో తరం హెచ్‌డీ 3000. కింద "కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" అనే వరసలో ఐ915 అని ఉండాలి. ఇంకాస్త కిందికి వస్తే 01:00.0 దగ్గర 10డీఈ:1057 కనిపిస్తుంది. 10డీఈ ఎన్విడియా గుర్తు, 1057 అంటే ఎన్‌వీఎస్ 4200ఎం. దాని కింద డ్రైవర్ నూవో (కెర్నెల్‌లోనే వచ్చేది) అని ఉంటుంది, లేదా ఎన్విడియా (కంపెనీ సొంత డ్రైవర్) అని ఉంటుంది. బ్రాకెట్‌లో 1002 ఉంటే అది ఏఎండీ. లాప్‌టాప్ మీద అంటించిన స్టిక్కర్ కంటే ఈ అంకెలనే నమ్మాలి. సెకండ్ హ్యాండ్‌లో మదర్‌బోర్డులు మారి ఉంటాయి.

"కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్" వరస అసలే లేకపోతే ఆ చిప్‌ను ఎవరూ నడపడం లేదని అర్థం.

తర్వాత "మెసా-యుటిల్స్" ప్యాకేజీ వేసి "జీఎల్ఎక్స్ఇన్ఫో -బీ" కొట్టండి. ఇక్కడ బీ పెద్దబడి. "ఓపెన్‌జీఎల్ రెండరర్" వరసలో ఇంటెల్, ఏఎండీ, ఎన్విడియా చిప్ పేరు ఏదైనా ఉంటే సరే. "ఎల్ఎల్‌వీఎంపైప్" అని ఉంటే ప్రాసెసరే బొమ్మలు గీస్తోంది. నోమోడ్‌సెట్ మిగిలిపోవడం, ఫర్మ్‌వేర్ (చిప్‌లోకి ఎక్కించే చిన్న ఫైల్) లేకపోవడం, ఎన్విడియా ప్యాకేజీ సగం తీసి సగం ఉంచడం, సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి కారణం.

ఇంటెల్

ఇంటెల్ ఒక్కటే ఉన్న లాప్‌టాప్ దొరికితే అదృష్టమే. ఐ915 కెర్నెల్‌లోనే ఉంది, దింపుకోవాల్సింది ఏమీ లేదు. పాత గైడ్లు చదివి "ఎక్స్‌ఎఫ్86-వీడియో-ఇంటెల్" వేసి, 20-ఇంటెల్ అనే కాన్ఫ్ ఫైల్ రాసిపెట్టి ఉంటే ఆ ఫైల్ తీసేయండి. ఇప్పటి ఎక్స్ఆర్గ్‌కు (డెస్క్‌టాప్‌ను తెర మీద చూపే ప్రోగ్రామ్) దాని సొంత మోడ్‌సెట్టింగ్ డ్రైవరే చాలు. ఒక్క మినహాయింపు ఉంది. వీడియో చూస్తుంటే తెర అడ్డంగా కోసినట్టు చీలుతుంటే, ఆ పాత డ్రైవర్‌లోని "టేర్‌ఫ్రీ" ఆప్షన్ హెచ్‌డీ 3000 మీద బాగా పనిచేస్తుంది. అంతకంటే ముందు ఎక్స్ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్‌లో కంపోజిటర్ (కిటికీలన్నీ కలిపి గీసే భాగం) ఆన్ చేసి చూడండి, దానితోనే చాలాసార్లు సరిపోతుంది.

మెసాలో 2022లో ఒక పెద్ద మార్పు వచ్చింది. 22.0 వెర్షన్ నుంచి పాత క్లాసిక్ డ్రైవర్లను తీసి ఆంబర్ అనే వేరే శాఖలో పెట్టారు. జీఎం965, జీఎం45 నుంచి హాస్వెల్ (నాలుగో తరం) దాకా ఉన్న ఇంటెల్ చిప్‌లను ఇప్పుడు క్రోకస్ అనే డ్రైవర్ చూసుకుంటుంది. పాత గైడ్‌లో "ఐ965 డ్రైవర్ బలవంతంగా వాడండి" అని చదివి ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో వరస రాసిపెట్టిన వాళ్లకు అప్‌గ్రేడ్ తర్వాత డెస్క్‌టాప్ ప్రాసెసర్ మీద పడుతుంది. ఆ వరస తీసేస్తే మామూలవుతుంది.

హెచ్‌డీ 3000కి ఓపెన్‌జీఎల్ (3డీ బొమ్మలు గీసే ప్రమాణం) 3.3 దాకా ఉంది, గ్నోమ్ డెస్క్‌టాప్ నడుస్తుంది. జీఎంఏ 950, ఎక్స్3100, జీఎం45 తరాలకు 2.1 దగ్గరే ఆగిపోతుంది. వాటి మీద గ్నోమ్ గానీ, కేడీఈ గానీ వేసి కష్టపడొద్దు, ఎక్స్ఎఫ్‌సీఈ గానీ ఎల్ఎక్స్‌క్యూటీ గానీ వేయండి. జీఎంఏ 950, ఎక్స్3100 మెషీన్లలో ఇంకో వింత ఉంది. లేని టీవీ పోర్ట్ ఉన్నట్టు కెర్నెల్ అనుకుని, రెండో తెర కలిపినట్టు రిజల్యూషన్ తప్పుగా పెడుతుంది, డెస్క్‌టాప్ కూడా ఆగి ఆగి కదులుతుంది. "ఎక్స్‌ర్యాండ్‌ఆర్" కొట్టి చూడండి. ఎస్‌వీడియో కనెక్టెడ్ అని వస్తే బూట్ వరసలో "వీడియో=ఎస్‌వీడియో-1:డీ" అని చేర్చండి. ఎస్‌వీడియో మాత్రం పెద్దబడి అక్షరాల్లో ఉండాలి.

చిన్న నెట్‌బుక్‌లలోని జీఎంఏ 500, జీఎంఏ 3600 పేరుకే ఇంటెల్, లోపలిది పవర్‌వీఆర్. వీటికి 3డీ డ్రైవర్ లేదు, రాదు. టైపింగ్‌కు, సర్వర్‌కు వాడుకోండి.

వెలుగు మీటలు పనిచేయకపోతే సిస్ ఫోల్డర్‌లో క్లాస్, దాని లోపల బ్యాక్‌లైట్ చూడండి. "ఇంటెల్_బ్యాక్‌లైట్", "ఏసీపీఐ_వీడియో0" రెండూ కనిపిస్తుంటే డెస్క్‌టాప్ తప్పుదాన్ని పట్టుకుని ఉండొచ్చు. బూట్ వరసలో "ఏసీపీఐ_బ్యాక్‌లైట్=నేటివ్" పెట్టి చూడండి. కాకపోతే నేటివ్ బదులు వీడియో, అదీ కాకపోతే వెండర్. మూడూ ఒకేసారి రాయొద్దు. తెర మినుకుమినుకుమంటుంటే, హాస్వెల్ గానీ అంతకంటే కొత్తది గానీ అయితే "ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=0" పనికొస్తుంది.

ఏఎండీ

ఇక్కడ మూలం ఫర్మ్‌వేర్. రేడియాన్ హెచ్‌డీ 2000 నుంచి 6000 దాకా కెర్నెల్‌లో రేడియాన్ డ్రైవర్, మెసాలో ఆర్600 ఉంటాయి. అవి చిప్‌లోకి ఎక్కించే చిన్న ఫైల్ దొరకకపోతే తెర నల్లబడుతుంది, లేదా వేగం చస్తుంది. "సుడో డీమెసేజ్" (డీ, ఎం, ఈ, ఎస్, జీ అనే ఐదక్షరాలే కొట్టాలి) లో ఫర్మ్‌వేర్ అని వెతకండి. ఫెయిల్డ్ టు లోడ్ అని వస్తే డెబియన్‌లో "ఫర్మ్‌వేర్-ఏఎండీ-గ్రాఫిక్స్", ఉబుంటు, మింట్‌లలో "లినక్స్-ఫర్మ్‌వేర్" వేయండి. డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాలర్‌లోనే ఇవి కలిసి వస్తున్నాయి. పాత పెన్‌డ్రైవ్‌తో డెబియన్ 10, 11 వేసేవాళ్లకే ఈ ఇబ్బంది ఎక్కువ.

ఎఫ్‌జీఎల్ఆర్ఎక్స్, కెటలిస్ట్ అనే మాటలున్న గైడ్ కనిపిస్తే మూసేయండి. ఉబుంటు 16.04 నుంచే ఆ డ్రైవర్‌కు చోటు లేదు. జీసీఎన్ అనే ఏఎండీ డిజైన్ మొదటి తరం చిప్ అయితే రేడియాన్ బదులు ఏఎండీజీపీయూ వాడొచ్చు. దానికి "రేడియాన్.ఎస్ఐ_సపోర్ట్=0 ఏఎండీజీపీయూ.ఎస్ఐ_సపోర్ట్=1" అని బూట్ వరసలో రాస్తారు. వల్కన్ (కొత్త గేమ్‌లు వాడే గ్రాఫిక్స్ పద్ధతి) కావాలంటేనే దీని జోలికి వెళ్లండి. హెచ్‌డీ 7000 పేరున్నవన్నీ జీసీఎన్ కావు, కొన్ని పాత చిప్‌లే కొత్త పేరుతో వచ్చాయి. అందుకే అంకెలు చూడమన్నది.

ఎన్విడియా

అసలు తంటా ఇక్కడే. ఎన్విడియా తన డ్రైవర్‌ను తరాల వారీగా ఆపేస్తూ పోతుంది. జీఫోర్స్ 8, 9, 200, 300 సిరీస్‌లకు 340 డ్రైవరే ఆఖరు, దానికి 2019 చివరితో మద్దతు ముగిసింది. 400, 500 సిరీస్‌ల ఫెర్మీకి 390, అది 2022 చివరితో ముగిసింది. 600, 700 సిరీస్‌ల కెప్లర్‌కు 470, అది 2024లో ముగిసింది. పేరు చూసి మోసపోవద్దు. టీ420లోని ఎన్‌వీఎస్ 4200ఎం, టీ430లోని ఎన్‌వీఎస్ 5400ఎం రెండూ ఫెర్మీలే.

మద్దతు ముగిస్తే ఏమవుతుంది? కెర్నెల్‌లో లోపలి ఫంక్షన్లు మారుతూనే ఉంటాయి. ఎన్విడియా మాడ్యూల్ కెర్నెల్ బయటిది, ప్రతి కొత్త కెర్నెల్‌కూ దాన్ని మళ్లీ కంపైల్ చేయాలి. ఆ పని డీకేఎంఎస్ చేస్తుంది. డ్రైవర్ కోడ్ పాతది, కెర్నెల్ కొత్తది అయినప్పుడు కంపైల్ ఫెయిల్ అవుతుంది, అప్‌డేట్ మాత్రం అయిపోయినట్టే కనిపిస్తుంది. రీస్టార్ట్ చేశాకే తెర నల్లబడుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ పోయింది" అంటే దాదాపు ఎప్పుడూ ఇదే.

అలా జరిగితే గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నెల్ ఎంచుకోండి. మామూలుగా లేస్తుంది. అక్కడి నుంచి "డీకేఎంఎస్ స్టేటస్" కొట్టండి. కొత్త కెర్నెల్ నంబర్ ఎదుట ఇన్‌స్టాల్డ్ అని లేకపోతే అసలు సంగతి దొరికినట్టే. ముందు హెడర్స్ (మాడ్యూల్ కంపైల్ చేయడానికి కావాల్సిన కెర్నెల్ ఫైళ్లు) ఉన్నాయో లేదో చూడండి, "లినక్స్-హెడర్స్-జెనరిక్" వేసి "సుడో డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్" కొట్టండి. హెడర్స్ లేకపోవడమే కారణమైతే ఇక్కడితో తీరిపోతుంది. మళ్లీ ఫెయిల్ అయితే వార్, లిబ్, డీకేఎంఎస్ ఫోల్డర్ల లోపల ఎన్విడియా వెర్షన్ పేరుతో ఉన్న బిల్డ్‌లో మేక్.లాగ్ ఫైల్ ఉంటుంది. దాని చివర కాదు, మొట్టమొదటి "ఎర్రర్" వరస చదవండి. ఏదో ఫంక్షన్ లేదనో, ఆర్గ్యుమెంట్లు సరిపోలేదనో ఉంటే ఆ డ్రైవర్ ఆ కెర్నెల్‌తో పొసగదు, మీరు ఎన్నిసార్లు వేసినా అంతే.

ఫెర్మీ మీద 390 తప్పనిసరి అనుకుంటే ఉబుంటు 22.04 గానీ మింట్ 21 గానీ వేసి, 5.15 కెర్నెల్ మీదే ఉండండి. హెచ్‌డబ్ల్యూఈ (ఉబుంటు తర్వాత ఇచ్చే కొత్త) కెర్నెల్‌కు మారొద్దు. వాటికి 2027 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి. కెప్లర్‌కు 470 ఉబుంటు 24.04లోనూ దొరుకుతుంది. ఈ పాత డ్రైవర్లతో వేలాండ్ (ఎక్స్ఆర్గ్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) పెట్టుకోవద్దు, లాగిన్ తెరలో పళ్లచక్రం గుర్తు నొక్కి ఎక్స్ఆర్గ్ సెషన్ ఎంచుకోండి.

ఎన్విడియా సైట్ నుంచి ".రన్" ఫైల్ దింపి వేయడం మాత్రం వద్దే వద్దు. ప్యాకేజీ మేనేజర్‌కు తెలియకుండా ఫైళ్లు చల్లుతుంది, తర్వాత తీయడం కష్టం. ఇప్పటికే వేసి ఉంటే అదే ఫైల్‌ను "--అన్‌ఇన్‌స్టాల్" ఆప్షన్‌తో నడపండి.

మొత్తం తీసేసి నూవోకు తిరిగి రావాలంటే అక్షరాల తెరలో "సుడో ఆప్ట్ పర్జ్" తర్వాత కోట్స్ మధ్య "^ఎన్విడియా-.*" కొట్టండి. ఎంటర్ నొక్కే ముందు తీసేయబోయే జాబితా చదవండి. తర్వాత ఈటీసీలో ఎక్స్11 ఫోల్డర్‌ (ఎక్స్ పెద్దబడి) లోని ఎక్స్ఆర్గ్.కాన్ఫ్ ఫైల్ పేరు మార్చండి. అది ఉంటే ఎక్స్ఆర్గ్ లేని డ్రైవర్‌నే వెతుకుతుంది. ఈటీసీలోని మోడ్‌ప్రోబ్.డీ లో నూవోను బ్లాక్‌లిస్ట్ చేసిన ఫైల్ మిగిలి ఉంటే తీసేయండి. చివరగా "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్ఎఫ్ఎస్ -యూ" కొట్టి రీస్టార్ట్. ఈ ఆఖరి మెట్టు మరిచిపోతే బ్లాక్‌లిస్ట్ పాత ఇనిట్‌రామ్‌లో (బూట్ మొదట్లో ఎక్కే ఫైళ్ల మూట) అలాగే ఉండి, అన్నీ చేసినా తెర రాదు.

2012 తర్వాతి మెషీన్లలో సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను ఆపే వసతి) కూడా అడ్డు పడుతుంది. మాడ్యూల్ సరిగ్గా కంపైల్ అవుతుంది గానీ కెర్నెల్ లోపలికి రానివ్వదు. "సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా" కొట్టినప్పుడు "కీ వాజ్ రిజెక్టెడ్" అని వస్తే అదే. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయడం సులువు. ఉంచాలనుకుంటే ఇన్‌స్టాల్ సమయంలో అడిగిన పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుని, రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకోండి. ఆ తెర కొద్ది సెకన్లే ఆగుతుంది, చూడకుండా వదిలేస్తే మళ్లీ మొదటికే.

ఇక రెండు చిప్‌లున్న లాప్‌టాప్‌లు. నా సలహా సూటిగా చెబుతాను: గేమ్‌లు ఆడకపోతే ఎన్విడియాను బయోస్‌లోనే ఆపేయండి. టీ420లో ఎఫ్1 నొక్కి కాన్ఫిగ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ డివైస్‌లో ఇంటిగ్రేటెడ్ పెట్టండి. బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, వేడి తగ్గుతుంది, పైన చెప్పిన గొడవంతా పోతుంది. ఫెర్మీ చిప్ ఇచ్చే అదనపు వేగం ఇవాళ్టి బ్రౌజర్‌కు ఏమంత ఉపయోగపడదు. కొన్ని డెల్ మోడళ్లలో ఆప్టిమస్ (రెండు చిప్‌లనూ కలిపి నడిపే వసతి) టిక్ తీస్తే ఇంటెల్ పోయి ఎన్విడియా మిగులుతుంది. అందుకని మార్చాక మళ్లీ ఎల్ఎస్‌పీసీఐ చూడండి. ప్రొజెక్టర్ వాడేవాళ్లు కూడా ఒకసారి పరీక్షించుకోవాలి, కొన్ని మోడళ్లలో డిస్‌ప్లే‌పోర్ట్ ఎన్విడియా చిప్‌కే కలిపి ఉంటుంది.

బయోస్‌లో ఆపే వీలు లేకపోతే నూవోను బ్లాక్‌లిస్ట్ చేయడమే మేలని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. వాడనప్పుడు ఆ చిప్‌కు కరెంట్ ఆపేది నూవోనే. డ్రైవరే లేకపోతే చిప్ ఊరికే వెలుగుతూ బ్యాటరీ తాగుతుంది, అరచేయి కింద వేడి తెలుస్తుంది. నూవోను ఉండనివ్వండి. ఎప్పుడైనా ఒక ప్రోగ్రామ్‌ను ఆ చిప్ మీద నడపాలంటే దాని ముందు "డీఆర్ఐ_ప్రైమ్=1" రాస్తే సరి, ఆ పేరు పెద్దబడిలో. 390 డ్రైవర్‌తో మాత్రం ఇలా ప్రోగ్రామ్‌కు ఒక చిప్ పంచడం కుదరదు, ఆ వసతి 435 నుంచే వచ్చింది.

వేడి, దూది, బొగ్గుపొడి

మన ప్రాంతంలో దీన్ని వదిలేసి డ్రైవర్ గురించి మాట్లాడితే సగం మాటే అవుతుంది. మే నెలలో వరంగల్, రామగుండంలో బయటే 43, 44 డిగ్రీలు. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల, జిన్నింగ్ మిల్లుల దగ్గర పత్తి సీజన్‌లో గాలిలో నూగు ఉంటుంది. గోదావరిఖని, భూపాలపల్లిలో బొగ్గుపొడి, కరీంనగర్ వైపు గ్రానైట్ దుమ్ము. ఇవన్నీ లాప్‌టాప్ ఫ్యాన్ లోపలికే పోతాయి.

ఆన్ చేసిన పది, పదిహేను నిమిషాలు బాగుండి, తర్వాత తెర మీద చెత్త గీతలు, ఫ్రీజ్ వస్తుంటే వేడిని అనుమానించండి. "ఎల్ఎం-సెన్సర్స్" వేసి "వాచ్ సెన్సర్స్" నడుపుతూ ఒక వీడియో పెట్టండి. ఏ పనీ లేకపోయినా 70 దాటుతుంటే, వీడియోకే 95కు చేరుతుంటే డ్రైవర్ జోలికి పోకుండా అడుగు మూత విప్పండి.

చాలామంది బయటి జాలీ నుంచి బ్లోయర్ కొడతారు. దానివల్ల నూగు ఇంకా లోపలికి దూరుతుంది. ఫ్యాన్‌కూ రాగి రెక్కలకూ మధ్య సన్నటి సందు ఉంటుంది, నూగంతా అక్కడ గుడ్డపీలికలాగా పరుచుకుంటుంది. ఫ్యాన్ విప్పితే ఆ పొర అంచు కనిపిస్తుంది, ట్వీజర్‌తో అంచు పట్టి లాగితే ఒకే పలకగా ఊడి వస్తుంది. ఆ తర్వాతే బ్రష్, బ్లోయర్. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టి ఉంచండి, లేకపోతే గాలికి విపరీతంగా తిరిగి బేరింగ్ పోతుంది. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఒక్కో చిప్ మీద బియ్యపు గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. గ్రాఫిక్స్ మెమరీ మీద మెత్తటి ప్యాడ్‌లు ఉంటే వాటి చోట పేస్ట్ పూయొద్దు. అక్కడి సందు పేస్ట్‌తో నిండదు, మెమరీ మాడుతుంది.

థింక్‌ప్యాడ్ టీ61లో ఉండే ఎన్‌వీఎస్ 140ఎం, ఆ కాలపు 8400ఎం, 8600ఎం చిప్‌లకు పుట్టుకలోనే లోపం ఉంది. చిప్‌కూ దాని అడుగు పలకకూ మధ్య అతుకులు వేడికి పగులుతాయి. 2008లో ఎన్విడియానే ఈ సంగతి బయటపెట్టింది. వీటికి హాట్ ఎయిర్ కొట్టి బాగుచేస్తామంటే డబ్బు పెట్టకండి. కొన్ని వారాలు బతికి మళ్లీ అదే చారలు వస్తాయి.

ఇంటెల్ చిప్ సొంత మెమరీ లేక ర్యామ్‌నే వాడుకుంటుంది. కాబట్టి ర్యామ్ పట్టీ పాడైనా తెర మీద చెత్త వస్తుంది, డీమెసేజ్‌లో "జీపీయూ హ్యాంగ్" అని పడుతుంది. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86+ నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా పట్టీ మార్చాల్సిందే. ఒకే పట్టీ ఉన్న మెషీన్‌లో అలాంటిదే ఇంకోటి వేస్తే గ్రాఫిక్స్ వేగం కూడా పెరుగుతుంది. డీడీఆర్3 1333 ఒక చానెల్‌లో సెకనుకు 10.6 జీబీ, రెండింటిలో 21.3 జీబీ ఇస్తుంది.

వీడియో ఆగి ఆగి వస్తుంటే

గ్రూప్స్‌కు చదివేవాళ్లు యూట్యూబ్‌లో టీ-శాట్ పాఠాలు పెట్టుకుంటే ఫ్యాన్ రొద, బొమ్మ తడబాటు. డ్రైవర్ సరిగ్గానే ఉన్నా ఇది వస్తుంది. వీడియోను కుదించే పద్ధతుల్లో హెచ్‌డీ 3000కు హెచ్.264ను చిప్‌లోనే విప్పడం వచ్చు, వీపీ9, ఏవీ1 రావు. యూట్యూబ్ ముందుగా పంపేది ఆ రెండింటినే. ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. బ్రౌజర్‌లో హెచ్264ఈఫై ఎక్స్‌టెన్షన్ వేస్తే యూట్యూబ్ హెచ్.264 పంపుతుంది. మీ తెర 1366×768 అయితే 720పీ పెట్టుకోండి, 1080పీతో కంటికి తేడా ఉండదు, మెషీన్‌కు మాత్రం రెట్టింపు పని.

బ్రాడ్‌వెల్ (ఐదో తరం) కంటే పాత ఇంటెల్‌కు "ఐ965-వీఏ-డ్రైవర్" ప్యాకేజీ ఉండాలి. కొత్త "ఇంటెల్-మీడియా-డ్రైవర్" వీటికి పనిచేయదు. "వీఏఇన్ఫో" కొడితే హెచ్264 పేర్లు వరుసగా రావాలి. బ్రౌజర్ మొండికేస్తే ఎంపీవీ అనే వీడియో ప్లేయర్‌లో "--హెచ్‌డబ్ల్యూడెక్=వీఏఏపీఐ" తో నడపండి. వైటీ-డీఎల్‌పీ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామ్ ఉంటే యూట్యూబ్ లింక్ కూడా నేరుగా తెరుస్తుంది.

ఎవరినైనా అడిగే ముందు

"డిస్‌ప్లే రావట్లేదు అన్నా" అని ఒక్క ముక్క రాస్తే ఎంత తెలిసినవాళ్లయినా చెప్పలేరు. లాప్‌టాప్ మోడల్, ఏ లినక్స్ ఏ వెర్షన్, "యూనేమ్ -ఆర్" చూపే కెర్నెల్ నంబర్, ఎల్ఎస్‌పీసీఐలో గ్రాఫిక్స్ వరసలు, తెర ఏ మెట్టు మీద పోయిందో రాయండి. కిందటి బూట్‌లో తెర పోయి ఉంటే "జర్నల్‌సీటీఎల్ -బీ -1 -కే" కొట్టి దాన్ని ఫైల్‌లోకి పంపి జత చేయండి. మొబైల్‌తో తీసిన వంకర ఫోటో కంటే ఆ ఫైల్ పది రెట్లు నయం. ఎక్స్ఆర్గ్ లాగ్ వార్, లాగ్ ఫోల్డర్‌లో ఉంటుంది, గ్నోమ్ వాడితే హోమ్ ఫోల్డర్ లోపలి చుక్క లోకల్, షేర్, ఎక్స్ఆర్గ్‌లో. బ్రాకెట్‌లో ఇంగ్లిష్ "ఈఈ" అని ఉన్న వరసలే ఎర్రర్లు, ముందు వాటిని పంపండి. మెషీన్ సరిగ్గా నడుస్తున్న రోజునే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రామ్‌తో ఒక స్నాప్‌షాట్ (సిస్టమ్ నకలు) తీసి ఉంచితే, ఏ అప్‌డేట్ చెడగొట్టినా అక్షరాల తెర నుంచే "సుడో టైమ్‌షిఫ్ట్ --రీస్టోర్" తో వెనక్కి రావచ్చు.